కాలరు దూరం

హిల్లే ఏ ఇంటికి కాలర్లు ఇవ్వడానికి వెళ్లినా గుమ్మంలో అడుగుపెట్టగానే ముందు గోడలు చూస్తుంది. ఇంటివాళ్ల ముఖాలు ఆ తర్వాతే. హాలండ్ దేశపు హార్లెం ఊళ్లో ఈ సంగతి తెలిసినవాళ్లు ఆమెను వెక్కిరిస్తారు కూడా. "గోడలకి కూడా గంజి పెడతావేమిటే?" అని చేపలమ్మే ఆవిడ ఒకసారి అడిగింది.

మెడ చుట్టూ పళ్లెంలా నిలబడే మడతల కాలర్లు ఉతికి గంజి పెట్టడం ఆమె పని. తడి గుడ్డను కాల్చిన సన్న కడ్డీ చుట్టూ తిప్పుతూ ఒక్కో మడతా నిలబెట్టాలి. ఒక్కటి వంకరపోయినా మొత్తం మళ్లీ ఉతకాల్సిందే. కుర్రకారు భుజాల మీద వాలే లేసు కాలర్లకు మళ్లినా, పాతవి వదలని ముసలివాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఆమె పొయ్యి ఆరలేదు. పెళ్లయిన నాటి నుంచి ఇదే పని. అందుకే దేన్నయినా కళ్లకు జానెడు దూరంలో పెట్టుకుని చూడటం ఆమెకు అలవాటైపోయింది.

గోడలు చూడటం మాత్రం కూతురు పోయాక మొదలైంది.

కూతురు లైస్బెత్ బతికున్న రోజుల్లో కాలర్లు ఇళ్లకు అందించే పని ఆ పిల్లదే. యోరిస్ మాస్టారనే చిత్రకారుడి ఇంటికి ఎక్కువగా వెళ్లేది. ఊరి పెద్దలు ఆయన దగ్గర బొమ్మ వేయించుకునేవారు. ముఖం పూర్తికాగానే, మిగతాది మాస్టారు చూసి వేసుకునేలా కాలరు విప్పి చెక్క దిమ్మకు తొడిగి ఇంటికి పోయేవారు. అది నలిగిపోతే లైస్బెత్ గంజి పెట్టిన ఇంకోటి తెచ్చేది. ఒక ఉదయం ఆ పిల్ల మాస్టారు చూడటం లేదనుకుని, అతుకుల గౌను మీద ఎవరో పెద్దమనిషి కాలరు తొడుక్కుంది. గడ్డం పైకెత్తి, చేతులు వెనక్కి కట్టుకుని, గదంతా పచార్లు చేసింది. వెనక మాస్టారు కనబడగానే నవ్వు ఆపుకోలేకపోయింది.

"తియ్యకు! నవ్వు, ఇంకా నవ్వు!" అంటూ ఆయన కుంచె అందుకున్నాడు. ముందుగా గీతలు గీసుకోలేదు. తడి రంగు మీదే తడి రంగు పూస్తూ పోయాడు. నోరు మాత్రం ఒక్క క్షణం మూయలేదు. ఎవర్ని చేసుకుంటావన్నాడు, బీరు పీపా మోసేవాడినా, పీపాలాంటి వాడినా అన్నాడు. నవ్వు సడలితే ఇంకో జోకు వేసేవాడు, అది ముందు దానికన్నా అధ్వాన్నంగా ఉండేది.

మధ్యాహ్నానికి హిల్లే కూతుర్ని వెతుక్కుంటూ వచ్చింది.

"అక్కడ కడ్డీలు కాలిపోతుంటే ఇక్కడ పళ్లికిలిస్తున్నావా?"

"అమ్మా, ఇటు చూడు! నేనే!"

హిల్లే వెళ్లి బొమ్మకు ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడింది. ఎర్ర గీతలు, తెల్ల గీతలు, ఒకచోట ఎండు గడ్డితో ఈడ్చినట్టు గరుకు చార.

"ఇది ముఖమా మాస్టారూ? మాడిన గిన్నె తోమినట్టుంది."

మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "వెనక్కి రా తల్లీ. ఇంకా వెనక్కి. తలుపు దాకా వెళ్లి చూడు."

"నాకంత తీరిక లేదు."

దారి పొడుగునా లైస్బెత్ సణుగుతూనే ఉంది. "అన్నిట్నీ కాలరు చూసినట్టే చూస్తావేంటమ్మా! రేపైనా వచ్చి దూరం నుంచి చూడు."

"చూద్దాంలే. ఎక్కడికి పోతుంది?"

పోయింది. ఎవరూ అడిగి వేయించుకోని, పేరూ ఊరూ లేని నవ్వు ముఖం కాబట్టి తిరునాళ్లప్పుడు ఒక సత్రంలో లాటరీకి పెట్టారు, చీటీ తగిలినవాడు పట్టుకుపోయాడు. కొన్నాళ్లకు ఊరిమీద మహమ్మారి పడింది. అందులో లైస్బెత్ పోయింది.

హిల్లే మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆయన తల గోక్కున్నాడు. "ఎవరికి తగిలిందో నాకూ తెలీదమ్మా. గుర్తున్నంతలో ఇంకోటి వేసివ్వనా?"

"వద్దు మాస్టారూ. మీరు ఎదురుగా ఉన్నవాళ్లనే బాగా వేస్తారు."

ఆ తర్వాత ఐదేళ్లకు, ఒక శనివారం, కాలువ గట్టున ఉండే వౌటర్ అనే బీరు వ్యాపారి ఇంటికి మొదటిసారి కాలరు ఇవ్వడానికి వెళ్లింది. భార్య పోయిన పెద్దాయన. సన్నటి ముందు గదిలో, గోడకు ఎత్తుగా, ఒక బొమ్మ. హిల్లే దగ్గరికి వెళ్లి మునివేళ్ల మీద నిలబడింది. ఎర్ర గీతలు, తెల్ల గీతలు, ఎండు గడ్డితో ఈడ్చిన చార. ఆ చారను ఆమె ఎక్కడైనా గుర్తుపట్టగలదు. ఆ బొమ్మలో ఆమె చూసిందల్లా అదే.

"అది గ్రీట్," అన్నాడు వౌటర్ వెనక నుంచి. "మా ఇంటి దొంగ. పీపాలో బీరు తగ్గితే దాన్నే అడుగుతా. నవ్వుతుందే తప్ప కాదనదు."

"గ్రీట్ కాదండీ. లైస్బెత్."

"భలేదానివే! దానికి అసలు పేరెక్కడిది?"

"నేనే పెట్టాను. నా కూతురు."

వౌటర్ ముక్కాలి పీట లాగి ఆమె ముందు పెట్టాడు. ఆమె కూర్చోలేదు. వెనక్కి నడిచింది. రెండడుగులకే వీపు బీరువాకు తగిలింది. అక్కడి నుంచి సగం చెంప, సగం చారలు.

"మీరు ఎక్కడ నిలబడి చూస్తారండీ?"

"నేనా? బయటి నుంచి ఇంటికొస్తున్నప్పుడు. తలుపు తీసుంటే గట్టు మీద ఉండగానే పలకరిస్తుంది." ఆయన వెళ్లి తలుపు పై రెక్క, కింద రెక్క రెండూ బార్లా తీశాడు.

హిల్లే బొమ్మ మీంచి చూపు తిప్పకుండా వెనక్కి నడిచింది. "మెట్లు, మెట్లు!" అన్నాడు వౌటర్. ఆమె మెట్లు దిగింది, ఇటుకల దారి దాటింది.

"ఓ అమ్మా! కాలవలో పడతావ్!" పడవ మీంచి ఎవడో అరిచాడు. "ఎవరికోసం ఆ చూపు?"

"మా అమ్మాయి. లోపలుంది."

లోపల లైస్బెత్ పెద్దమనిషి కాలరులో గడ్డం ఎత్తుకుని ఉంది. కింది పళ్లలో ఒకటి పక్కదాని మీదకు ఎక్కి ఉంది, ఎప్పటిలాగే. ఏదో పాడుచేసి, ఆ సంగతి అమ్మకు ఇంకా చెప్పని ముఖం. నవ్వు ఆగితే చెప్పేసేలా ఉంది.

హిల్లే చాలాసేపు నిలబడింది. వౌటర్ గుమ్మంలోకి రాబోయి, అడ్డమవుతానని గోడ పక్కకు తప్పుకున్నాడు.

ఆమె లోపలికి వచ్చేసరికి ఆయన పీట ఎక్కి మేకు మీద చెయ్యి వేశాడు. "పట్టుకెళ్లమ్మా. నీది."

హిల్లే తన గది తలుచుకుంది. పొయ్యికీ మంచానికీ మధ్య మనిషి అటూ ఇటూ తిరగడమే కష్టం.

"వద్దయ్యా. మా ఇంట్లో వెనక్కి జరగడానికి చోటు లేదు. ఇక్కడే ఉండనీండి. తలుపు మటుకు తీసి పెట్టండి."

వౌటర్ కాలరు తొడుక్కునేది ఏడాదికి రెండుసార్లు, వ్యాపారుల సంఘం విందులకు. ఆ నెల నుంచి ప్రతి వారం ఆయన దగ్గర్నుంచి ఒక కాలరు ఉతుక్కి వస్తోంది. ఒక్క మడతా నలిగి ఉండదు. హిల్లే దాన్ని మళ్లీ ఉతికి, గంజి పెట్టి, శనివారం తీసుకెళ్తుంది.