మర్రిగూడ రూటు వ్యానుకు మార్చిన షాక్ అబ్జార్బర్లు

2019 ఎండాకాలంలో నన్ను నల్లగొండ వర్క్‌షాపు నుంచి దేవరకొండ ఆసుపత్రికి ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. ఒక ధార్మిక సంస్థ నడిపే ఆసుపత్రి అది. అక్కడి వాహనాల మరమ్మతు నా బాధ్యత. ఫోర్‌మన్ అంటే మెకానిక్కులకు పైన, ఇంజనీరుకు కింద. ఏ భాగం మార్చాలో చెప్పగలడు గానీ కొనే అధికారం ఉండదు. దానికి హైదరాబాద్‌లోని పరిపాలనాధికారి అనుమతి కావాలి.

ఆ ఆసుపత్రికి మర్రిగూడ రూటులో తిరిగే వ్యాను ఒకటి ఉండేది. కిడ్నీలు పాడైన రోగులను వారానికి రెండుసార్లు ఊళ్ల నుంచి డయాలసిస్‌కు తెచ్చి, పని అయ్యాక తిరిగి ఇళ్ల దగ్గర దింపేది. డ్రైవరు యాదయ్య. నేను చేరిన కొత్తలోనే అతను వచ్చి, ఒక పేషెంటు బండెక్కనంటోందని చెప్పాడు.

"అండాలమ్మ అని ఉన్నది సారూ. పోయినసారి రాలె, ఇయ్యాల గూడ రానన్నది. బండి గుద్దుడుకు ఈపు ఇరుగుతాందంట. ఆమెది తప్పేం లేదు. నాకే నడుము పట్టుకపోతాంది."

డయాలసిస్ వరసగా తప్పితే ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు. ఆసుపత్రిలో పనిచేసే మా అందరికీ అది తెలుసు. వ్యానును వెంటనే లోపలికి పెట్టించి కిందికి దూరి చూశాను.

వెనక చక్రాల దగ్గర ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీలుంటాయి. వాటిని మేము కమాన్‌పట్టీలంటాం. బండి బరువును మోసే స్ప్రింగు అదే. గుంతలో చక్రం పడితే అది వంగుతుంది, వంగినది మళ్లీ లేస్తుంది. ఆ లేవడాన్ని అదుపులో పెట్టేది షాక్ అబ్జార్బరు. గొట్టంలో నూనె, నూనెలో కదిలే పిస్టను, దానికి సన్నటి రంధ్రాలు. నూనె ఆ రంధ్రాల్లోంచి ఎంత కష్టంగా పోతే షాక్ అబ్జార్బరు అంత గట్టిది. స్ప్రింగు ఎంత బలమైనదో దానికి తగిన గట్టిదనమే షాక్ అబ్జార్బరుకూ ఉండాలి. తక్కువైతే బండి ఊగుతుంది, ఎక్కువైతే కర్రలా బిగుసుకుపోతుంది.

ఈ వ్యానుకు ఉండాల్సిన వాటికంటే రెండు పట్టీలు ఎక్కువున్నాయి. కారణం యాదయ్య చెప్పాడు. ఇంటింటికీ నల్లా నీళ్లు రాకముందు అదే బండి ఫ్లోరైడు ఊళ్లకు మంచినీళ్ల ట్యాంకు మోసేది. ఆ బరువు కోసం పట్టీలు వేయించారు. తర్వాత ట్యాంకు దించి సీట్లు బిగించారు, పట్టీలను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. పాత షాక్ అబ్జార్బర్లలో నూనె కారిపోతే బయట గ్యారేజీలో సరుకుల బండికి వేసే గట్టి రకం వేయించారు. గట్టివైతే ఎక్కువ కాలం వస్తాయని అనుకున్నారు.

షాక్ అబ్జార్బరు రాడ్డుకు ఒక రబ్బరు రింగు తొడిగి, యాదయ్య పక్కన కూర్చుని మర్రిగూడ దాకా వెళ్లొచ్చాను. రాడ్డు ఎంత లోపలికి దిగితే రింగు అంత జరుగుతుంది. తిరిగొచ్చాక చూస్తే రింగు దాదాపు ఉన్నచోటే ఉంది. అన్ని గుంతల్లో పడ్డ దెబ్బ ఇనుములో ఎక్కడా ఆగలేదు. నేరుగా సీట్లకు, సీట్ల మీది మనుషులకు చేరింది.

ఆ ప్రయాణంలోనే అండాలమ్మ ఇంటికి వెళ్లాం. రేకుల వరండాలో మంచం మీద, గోడకు వేసిన దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. యాభై దాటి ఉండవు. చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడు బోరు నీళ్లకు వెన్ను బిగుసుకుపోయింది. పక్కకు చూడాలంటే తల తిప్పలేక నడుము నుంచి మొత్తం మనిషే తిరిగేది. కాళ్లు అప్పటికే ఉబ్బి ఉన్నాయి. భర్త పెంటయ్య మాకు కుర్చీలు వేసి మంచం కోడు దగ్గర నేల మీద కూర్చున్నాడు.

బండి బాగుచేయిస్తామని, అందాకా చికిత్స మానొద్దని చెప్పాను.

"ఎప్పుడు చేపిస్తరు?" అని ఆమె అడిగింది. అనుమతి రావాలన్నాను.

"గుంత వచ్చినప్పుడల్లా ఈపుల గునపం దించినట్టయితది సారూ. పొయ్యేటప్పుడొక నరకం, వచ్చేటప్పుడొక నరకం. సచ్చేది ఎట్లనో సస్త. గీ మంచంలనే సస్త."

పెంటయ్య నన్ను చూసి, "జర ఏమన్న చేయున్రి సారూ" అన్నాడు.

వర్క్‌షాపుకు వచ్చాక నా చేతుల్లో ఉన్నవి రెండే పనులు. వ్యాను లోపల వెనక ఇరుసు పైకి వచ్చే చోట ఇసుక బస్తాలు పరిపించాను. బరువు పెరిగితే బిగుసుకున్న పట్టీలు కొంతైనా వంగుతాయి. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్యన ఒక సీటు తీయించి పరుపు వేయించాను. కుదుపు అన్నిటికంటే తక్కువ తగిలేది అక్కడే. మరుసటి డయాలసిస్ విడతకు అండాలమ్మ వచ్చింది. పెంటయ్య, యాదయ్య కలిసి దుప్పటిలో మోసుకొచ్చి పడుకోబెట్టారు. ఆయాసంతో మాట రావడం లేదు. నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. ఆ విడత గట్టెక్కింది గానీ, తర్వాత సొంతంగా నిలబడగా నేను చూడలేదు.

పరిపాలనాధికారికి ఫోన్ చేసి ఎక్కువున్న పట్టీలు తీయాలి, షాక్ అబ్జార్బర్లు మార్చాలి అని చెప్పాను. ఆయన షాక్ అబ్జార్బర్లకే ఒప్పుకున్నారు. మంచి ఇనుమును తీసి పారేయడమెందుకని ఆయన వాదన. ప్యాసింజర్ రకం తెప్పించి బిగించి, రోగులను ఎక్కించకుండా తిప్పి చూశాం. యాదయ్య దిగి టైరు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"ముందట గుద్దేది సారూ, ఇప్పుడు ఎగిరేస్తాంది."

అతను చెప్పింది నిజమే. బలమైన పట్టీలు విసురుగా లేస్తున్నాయి. మెత్తటి షాక్ అబ్జార్బరు వాటిని ఆపలేకపోతోంది. అధికారిని దేవరకొండకు రమ్మని అడిగాను. వచ్చారు. వ్యానులో, అండాలమ్మ పరుపు వేసే చోట కూర్చోమన్నాను. చింతపల్లి దాకా వెళ్లి వచ్చాం. దారిలో ఆయన రెండు చేతులతోనూ ముందు సీటు కడ్డీని పట్టుకునే ఉన్నారు. దిగాక, "తీసెయ్యండి" అన్నారు, అంతే.

పట్టీలు తీస్తే బండి వెనక భాగం కిందికి దిగుతుంది. అప్పుడు షాక్ అబ్జార్బరు పొడవు కూడా చూసుకోవాలి. బండి మామూలుగా నిలబడినప్పుడు రాడ్డు ఇంచుమించు సగంలో ఉండాలి. లేకపోతే గుంతలో పడ్డప్పుడు అడుగు తాకుతుంది, లేచినప్పుడు చివరికంటా సాగి పట్టేస్తుంది. రోగులంతా ఎక్కితే ఎంత బరువుంటుందో కాంటా మీద తూకం వేయించి, ఆ రెండు పట్టీలు విప్పించి, అంత ఇసుక సీట్ల మీద పెట్టి, ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఎత్తు కొలిచాను. తెప్పించిన వాటి పొడవు దానికి సరిపోయింది. వాటినే తిరిగి బిగించాం. ఈసారి రింగు రాడ్డు మీద సగం దాకా జరిగింది. యాదయ్య నవ్వగా నేను చూసింది ఆ రోజే.

అండాలమ్మ ఆ తర్వాత ఏ విడతా తప్పలేదు. ఒకసారి వ్యాను తలుపు దగ్గర నన్ను గుర్తుపట్టి, "మొన్న నిద్ర పట్టింది సారూ, బండిలనే" అంది. నేను ఆమె నోట విన్న మంచిమాట అదొక్కటే. వానాకాలం దాటేసరికి ఆమె గుండె బలహీనపడింది. మధ్యలో ఆగిపోయిన ఆ విడతల వల్లనే అలా అయిందా అని డాక్టరుగారిని అడిగాను. అయి ఉండొచ్చు, కాకపోవచ్చు అన్నారు. చలికాలంలో, డయాలసిస్ లేని రోజున, ఇంట్లోనే పోయింది.

కర్మలు అయిపోయాక పెంటయ్య బస్సులో దేవరకొండ వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా ఇంటికాడ ఇగ బండి ఆపొద్దని చెప్పనీకి వచ్చిన సారూ. యాదయ్య అలవాటుల ఆపుతాండు. హారన్ ఇనంగనే లేస్తాన."

యాదయ్యకు చెప్పాను. ఆ ఇంటి మలుపు రాకుండా ఇంకో దారి చూసుకున్నాడు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, షాక్ అబ్జార్బరు మార్చమని ఏ బండి వచ్చినా ముందు స్ప్రింగు చూశాను. స్ప్రింగు చూడకముందే, ఈ బండి ఇప్పుడేం మోస్తోందని అడిగాను. ఒకప్పుడు మోసిన బరువుకు అమర్చినవి ఇప్పటి బరువుకు పనికిరావు. కొత్తవైనా, గట్టివైనా పనికిరావు. బండి బాగుపడినంత మాత్రాన అందులో ఎక్కే మనిషి బాగుపడరని కూడా అక్కడే తెలిసింది. అందువల్ల పని ఆలస్యం చేయకూడదు. ఆలస్యమైన రోజులను ఏ మరమ్మతూ వెనక్కి తేలేదు.