నా దవడను నిలబెట్టిన మేనత్త

మా మేనత్త పోయిందని డుంబ్రిగుడ నుంచి వచ్చిన మనిషి చెప్పినప్పుడు నేను మిషన్ బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతున్నాను. మూడు రోజుల జ్వరమట. నేను వెళ్ళేలోగా మట్టి కూడా చేసేశారు. ఈ రోజు నాకు దవడ ఉందంటే ఆవిడ వల్లే. ఆ సంగతి పదిమందికీ తెలియాలి.

నాకు పన్నెండో ఏట ఎడమ దవడ మీద రాయిలాంటి వాపు లేచింది. నొప్పి లేదు, తగ్గడమూ లేదు. ఊళ్ళో పూజలు చేసే దిసారి, ఇది చచ్చిపోయిన పెద్దల కోపమని, బుగ్గ మీద వాత పెట్టాలని అన్నాడు. తల్లిలేని నన్ను పెంచుతున్న అత్త కాల్చిన కడ్డీకి అడ్డం నిలబడింది.

"ముందర నీ బుగ్గ మీద ఎట్టుకో. ఓర్సుకుంటే మా గుంటకి ఎడుదువుగాని."

మర్నాడే నన్ను కొండ దింపింది. రెండు రోజుల నడక, ఆపైన ఎడ్లబండి. పట్నం ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఆ గాజుపలకను కిటికీ వెలుగుకు పట్టి చూశాడు.

"ఎముకలో గడ్డ ఉంది. అంచు గీత గీసినట్టుంది కాబట్టి చెడ్డది కాదనే అనుకుంటున్నాను. కానీ పెరగదని చెప్పలేను. ఆ వైపు దవడ తీసెయ్యడం మేలు."

"పెరిగితే తీద్దురు బాబూ. కొయ్యడానికి కత్తుంది, మళ్ళీ అతకడానికి ఏటుంది మీ కాడ?"

ఆయన పలకను మళ్ళీ ఒకసారి వెలుగుకు పట్టి చూశాడు. చివరికి, ఆరు నెలలకోసారి తీసుకురమ్మన్నాడు.

రెండోసారి పలకలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా లేదు. మూడోసారి వడ్లగింజంత పెరిగింది. ఇంకొక్కసారి చూద్దామని అత్తే పట్టుబట్టింది. ఆ రోజు కొండెక్కినంతసేపూ నా చెయ్యి వదల్లేదు. ఆవిడ భయపడగా నేను చూసింది అప్పుడే. తర్వాతి పలకలో మళ్ళీ మార్పు లేదు.

ఈలోగా ఊళ్ళో నాకు గడ్డమొహంది అని పేరు పడింది. అత్త నన్ను బడికి లాక్కుపోయి అక్కడి పంతులమ్మతో అంది: "మొకం మీద గడ్డ సూడకమ్మా. సదువెక్కుద్దో లేదో అది సూడు."

నాలుగేళ్ళయ్యాక డాక్టరు పలకలన్నీ వరసగా పేర్చి, ఎదగడం ఆగిపోయింది, ఇక రానక్కర్లేదన్నాడు. వాపు మాత్రం అలాగే ఉంది, ఇప్పటికీ ఉంది.

తిరుగు దారిలో, కొండ మొదట్లో సంత దగ్గర మా ఊరివాళ్ళు మూటలు దించుకుని కూర్చున్నారు. అత్త ఒక చెరకుగడ కొని, మోకాలి మీద రెండుగా విరిచి, ఒక ముక్క నాకిచ్చింది.

"ఎడం పక్కనే కొరుకు. అందరూ సూడ్నీ."

కొరికాను. రసం గడ్డం మీదుగా కారింది. అత్త నడుము మీద చేతులు పెట్టుకుని, నావైపు కాదు, వాళ్ళవైపు చూస్తూ నిలబడింది.