మైనం మీద మెట్లు

అఫ్జల్‌గంజ్‌లో వీణలకు మెట్లు అమర్చి మేళం కట్టే దుర్గయ్య శుక్రవారం మధ్యాహ్నం అన్నానికి లేవడు. నమాజుకని గల్లీలో షట్టర్లన్నీ దిగి, చెవికి కాస్త నెమ్మది దొరికేది అప్పుడే. కరిగించిన మైనంలో ఇరవై నాలుగు మెట్లనూ ఒక్కొక్కటే నిలబెట్టి, తీగ మీటి, విని, గోరంత జరిపి, మళ్లీ వినాలి. శ్రుతి చూడటానికి మిషను కొనుక్కోమని సలహా ఇచ్చినవాళ్లను గడప దాటేదాకా తిట్టేవాడు.

అంతటి పొగరుబోతుకు రెండేళ్లుగా కుక్కర్ కూత వినబడటం లేదు. మాటలు వినబడతాయి, బస్సు హారన్లు వినబడతాయి. సన్నటి మోతలే పోయాయి. ఆ సంగతి భార్య రాజమణికి తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఇంకెవరు వీణ తెస్తారు? అందుకే సన్నగా పలికే పై మెట్ల దగ్గరికి వచ్చేసరికి దవడను వీణ కొయ్యకు ఆనించి, ఎముకకు తగిలే వణుకును బట్టి జరుపుతున్నాడు.

సైదాబాద్ విమలాదేవి వీణకు మూడు శుక్రవారాలు పట్టింది. ముప్పై ఏళ్లుగా ఆమెది ఒకటే వరస. ఏదో ఒక మెట్టు మీద వేలు పెట్టి, ఇది వెంట్రుకవాసి ఎక్కువైందనేది. ఈయన కానే కాదనేవాడు. గొంతులు బొంగురుపోయాక మైనం మళ్లీ పొయ్యెక్కేది. ఆ లొల్లి కోసమే ఆమె వస్తుందని రాజమణి ఎగతాళి చేసేది.

ఈసారి ఆమె చాప మీద కూర్చుని వాయించింది. కింది మెట్ల మీద వేళ్లు హాయిగా తిరిగాయి. పైకి వెళ్లాక ఆగి, మళ్లీ మీటి, మళ్లీ ఆగి, ఆయన ముఖంలోకి చూసింది. కొయ్య ఒత్తుకున్న గుర్తు దవడ మీద ఇంకా ఎర్రగానే ఉంది.

“పై మెట్లు ఇంకోసారి చూడుండ్రి అమ్మా. ఏదన్న ఉంటే ఇప్పుడే సరిజేస్త.”

“అన్నీ మంచిగున్నయి దుర్గయ్యా,” అందామె. “ఏం వంక లేదు.”

ముప్పై ఏళ్లలో దుర్గయ్య ఆమె నోట ఆ మాట వినలేదు. తిట్టినా బాగుండేది. ఆమె జాలిపడింది. వీణను ఆటోలో పెట్టించి, ఎక్కబోతూ ఆగి, ఎన్నడూ లేనిది రెండు చేతులెత్తి ఆయనకు దండం పెట్టింది.

పొయ్యి ఆర్పేసి ఇంటికి నడిచాడు.

“విమలమ్మ అంత మంచిగున్నదన్నది. ఒక్క వంక గూడ పెట్టలే,” అని చెప్పాడు.

“మరి సంతోషమే గదా,” అంది రాజమణి.

ఆయన పలకలేదు. వినబడలేదేమోనని ఆమె దగ్గరికొచ్చి, అదే మాట గట్టిగా మళ్లీ చెప్పింది.