రేగడిలో ఎర్ర కారు

వాన మొదలైతే నాకు ఇప్పటికీ భుజాలు నొప్పి పుడతాయి. డాక్టరు వయసు అంటాడు. వయసు కాదు, కారు. ఎనభైల్లో నాలుగు వానాకాలాల పాటు పల్నాటి నల్లరేగడిలో ఒక ఎర్ర కారును నడిపాను. దాని స్టీరింగు బరువు ఈ భుజాలను ఇంకా వదల్లేదు.

మా ఆయనది మాచర్లలో నాపరాళ్ళ వ్యాపారం. ఇళ్ళల్లో నేలకు పరిచే రాళ్ళను క్వారీ నుంచి తెచ్చి, కోయించి, నున్నగా పాలిష్ పట్టించి అమ్మేవాడు. ఒక ఏడాది వ్యాపారం కలిసొచ్చింది. ఇంకొకరైతే ఓ ఎకరం పొలం కొనేవాళ్ళు. ఆయన మద్రాసు వెళ్ళి, మూతబడిన ఏదో సినిమా కంపెనీ వాళ్ళ దగ్గర పాత విదేశీ స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. రెండే సీట్లు. కూర్చుంటే నేల మీద చతికిలబడ్డట్టు ఉండేది. పైన గుడ్డ టాపు. అది వాన నీళ్ళను ఆపేది కాదు, ఒకచోటికి చేర్చి సరిగ్గా నా మెడ మీద పోసేది.

"ఇంత పోసి ఇద్దరు పట్టే బండి తెచ్చావేందిరా?" అని మా అత్తగారు అడిగింది.

"ఉండేది ఇద్దరమే గదమ్మా" అన్నాడు ఆయన. ఆవిడ వారం రోజులు కొడుకుతో మాట్లాడలేదు. ఆ వారం నాతో చాలా బాగుంది.

అప్పటికి నాకు టీచరు ఉద్యోగం వచ్చి మూడు నెలలు. బడి ఉన్న ఊరు గురజాల వెళ్ళే తారు రోడ్డు మీంచి లోపలికి ఏడు కిలోమీటర్లు. అదంతా రేగడి బాట. కారు రాకముందు నేను తెల్లవారే బస్సెక్కి, రోడ్డు మీద దిగి, గంటన్నర నడిచి బడికి చేరేదాన్ని. కాళ్ళు లాగేవి గానీ ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. కారు వచ్చాక ఆ నడక బందయింది. "కారున్న ఇంటి ఆడది చెప్పులు చేతబట్టుకొని బురదలో పోతంటే నా మొహం యాడ పెట్టుకోమంటావే?" అన్నాడు ఆయన. ఆయన మొహం కోసం నేను కారెక్కాను. ఆలస్యాలు ఆ రోజు నుంచే మొదలయ్యాయి.

రేగడి సంగతి చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. ఎండలో పగుళ్ళిచ్చి ఇనుములా ఉంటుంది. ఒక్క వాన పడితే పైన వెన్న, కింద బంక. చక్రానికి అంటుకున్న మట్టి అక్కడే పేరుకుని, పైన రేకుకు తగిలి, చక్రం తిరగడమే మానేస్తుంది. ఆ కారులో ఇంజను ముందు ఉంటుంది, నెట్టేవి వెనక చక్రాలు. వెనక బరువేమీ లేదు. కాస్త గట్టిగా తొక్కితే చాలు, ముందు భాగం బడి వైపు, వెనక భాగం పత్తి చేను వైపు. నరసరావుపేట మెకానిక్ దాన్ని చూసి, "అమ్మా, ఇది తారు రోడ్డు మీద పరిగెత్తే బండి. దీన్ని రేగట్లోకి ఎందుకు తెచ్చారు?" అని నన్ను అడిగాడు, తెచ్చింది నేనైనట్టు. చివరికి, "వెనక కాస్త బరువెయ్యండి, చక్రం పట్టుద్ది" అని ఉపాయం చెప్పాడు.

బరువుకు మా ఇంట్లో కొదవా? గోనెపట్టాలు చుట్టి నాలుగు నాపరాళ్ళు డిక్కీలో పెట్టించాడు ఆయన. తొలకరికి ఎక్కించడం, మిరపకాయ కోతల నాటికి దించడం. మా వీధిలో వాన పడిందా అని అడగడం మానేసి, "రాళ్ళెక్కించారా వదినా?" అని అడిగేవాళ్ళు.

మొదటి వానాకాలం మొదట్లో ఆయన నడిపాడు, నేను నెట్టాను. నా బరువు అప్పుడు నలభై అయిదు కిలోలు. నేను నెడితే కారుకు తెలిసేది కూడా కాదు. వెనక చక్రాలు మాత్రం నాకు తెలిసేలా చేసేవి, నుదుటి నుంచి పాదాల దాకా. అలా నల్లగా తయారై తరగతికి వెళ్ళి, "పిల్లలూ, శుభ్రత" అని పాఠం మొదలుపెట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది.

ఒక రోజు మూడోసారి దిగబడ్డాక నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరు దిగి నెట్టండి. నేను తిప్పుతాను" అన్నాను.

"నీకేం వచ్చే?"

"మీకొచ్చింది చూశాంగా."

దిగాడు. నేను కూర్చున్నాను. అప్పటికి ఎన్నో రోజులుగా పక్కన కూర్చుని ఆయన చేసే తప్పులన్నీ చూస్తున్నాను, కాబట్టి అవి చెయ్యకుండా ఉంటే చాలనుకున్నాను. మొదటి గేరు కాదు, రెండో గేరు. యాక్సిలేటరు మీద కాలు పెట్టీ పెట్టనట్టు. వెనక భాగం ఎటు జారితే స్టీరింగూ అటే తిప్పాలి, భయమేసినా సరే. బ్రేకు జోలికి పోకూడదు. కారు ఊగింది, మూలిగింది, బయటికొచ్చింది.

ఆ రోజు నుంచి బురద నాది, తారు ఆయనది. రోడ్డు దిగగానే నేను స్టీరింగు దగ్గరికి మారేదాన్ని. సాయంత్రం తారు రోడ్డు కనపడగానే "ఇక దిగు" అనేవాడు. నలుగురూ చూసే చోట ఆయన, ఎవరూ చూడని చోట నేను. "లైసెన్సు లేదు గదే, పోలీసోళ్ళు పట్టుకుంటారు" అన్నాడు. ఎండాకాలం సెలవుల్లో లైసెన్సు తెచ్చుకున్నాను. "రోడ్డు మీద లారీలు చానా తిరుగుతయ్యి" అన్నాడు. ఇక అడగలేదు. అడిగే ఓపిక ఉంటే బడిలో వాడుకుందామనుకున్నాను.

రెండో వానాకాలానికి అసలు కష్టం వచ్చింది. రెండేళ్ళ ప్రొబేషన్ పూర్తయితేనే ఉద్యోగం ఖాయం. ఆ శ్రావణంలో రెండుసార్లు ప్రార్థన గంట దాటాక చేరాను. రెండుసార్లూ హెడ్మాస్టరు గారు కాగితం ఇచ్చి సంజాయిషీ రాయించుకున్నారు. "వచ్చే సోమవారం స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారు. ఆ రోజు గూడా నువ్వు లేటయితే నేను కాపాడలేనమ్మా" అన్నారు. ఆయన మంచివారే. కానీ మంచివాళ్ళు చెప్పినా మాట మాటే.

ఇంట్లో చెప్పాను. "వాళ్ళు తీసేసేదాకా ఎందుకు? మనమే మానేద్దాం. కారు గూడా పాడైపోతంది" అన్నాడు మా ఆయన.

ఆ 'మనం' విని నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఇల్లు ఆయనది, వ్యాపారం ఆయనది, కారు ఆయనది. ఆ ఇంట్లో నా పేరు మీద వచ్చింది ఆ ఉద్యోగం ఒక్కటే. కారు పాడవకుండా దాన్ని వదిలెయ్యమంటున్నాడు. బియ్యంలో రాళ్ళేరుతూ ఏడ్చాను. ఏడుపు కూడా గట్టిగా రాలేదు, అంత అలసిపోయి ఉన్నాను.

ఆ ఒక్కరోజు బస్సులో వెళ్ళి నడుస్తానన్నాను. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. "గంట ముందే బయల్దేరదాం. నిన్ను టయానికి చేర్చే పూచీ నాది" అన్నాడు. సరేనన్నాను. నాదీ తప్పే.

ముందు రోజంతా వాన. ఆ ఉదయం సన్నగా తుంపర. రోడ్డు దిగి సీట్లు మారాం. కిలోమీటరు వెళ్ళానో లేదో, కారు చేతిలో తేడాగా అనిపించింది. వెనక భాగం మాటిమాటికీ పక్కకు పోతోంది. "ఏదో తేడాగా ఉందండీ" అన్నాను. "నీకు భయం పట్టుకుంది" అన్నాడు. మలుపు దగ్గర జారింది. స్టీరింగు అటే తిప్పాను, కాలు తీశాను, చెయ్యాల్సినవన్నీ చేశాను. కారు గుండ్రంగా తిరిగి, వచ్చిన దారి వైపు మొహం పెట్టి, వెనక చక్రాలు పత్తి చేను గట్టు కింద దించుకుని ఆగింది.

దిగి డిక్కీ తెరిచాను. లోపల నాలుగు గోనెపట్టాలు శుభ్రంగా మడతపెట్టి ఉన్నాయి. రాళ్ళు లేవు.

"రాళ్ళేవి?"

ఆయన చేను వైపు చూశాడు. "రాత్రి ఓ ఆసామి వచ్చాడే. గృహప్రవేశం. గడప కాడ నాలుగు రాళ్ళు తక్కువపడ్డయ్యన్నాడు. డిపోలో ఆ సైజు లేదు. ఇచ్చా."

"నాకు చెప్పకుండా?"

"సరుకు గదే" అన్నాడు.

నిజంగా ఆయన దృష్టిలో అవి సరుకే. రాయి కనపడితే అమ్మాలి, అది డిక్కీలో ఉన్నా, పెళ్ళాం ఉద్యోగం దాని మీద నిలబడి ఉన్నా. తుంపరలో అలాగే నిలబడ్డాను. ఇక్కడి నుంచి బడికి ఆరు కిలోమీటర్లు. నడిస్తే అందుకోలేను. అయిపోయింది అనుకున్నాను. అయిపోతే రేపటి నుంచి ఈ బాట తొక్కక్కర్లేదు కదా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. అందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

ఆ చేను రైతును నేను బాబాయి అని పిలిచేదాన్ని. మమ్మల్ని బయటికి లాగడం ఆయనకు వానాకాలం పనుల్లో ఒకటి. కేక వెయ్యకుండానే ఎద్దులు తోలుకొచ్చాడు. మోకు కట్టి, అదిలించి, కారును బాట మీదికి ఎక్కించి, బడి వైపు మొహం తిప్పించాడు. ఖాళీ డిక్కీ చూశాడు. మా ఇద్దరి మొహాలు చూశాడు. జరిగింది అర్థమైనట్టుంది.

"అల్లుడూ, నువ్వెంత బరువుంటావు?" అని అడిగాడు.

"ఎనభై ఉంటా మామా. ఏం?"

"నాలుగు రాళ్ళకి సరిపోద్ది. ఎక్కు."

మా ఆయన తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు గారికి నమస్కారం పెట్టాలని ప్రత్యేకంగా తయారయ్యాడు. అటూ ఇటూ చూశాడు. చేలల్లో కూలీలు పని ఆపి చూస్తున్నారు. నేను ఏమీ అనలేదు. కావాలనే అనలేదు.

పంచె ఎగ్గట్టి డిక్కీ మీదికి ఎక్కాడు. పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలని టాపు వెనక్కి మడిచేశాం. రెండు చేతులతో నా సీటు వీపు గట్టిగా పట్టుకున్నాడు.

ఆ ఆరు కిలోమీటర్లు నేను ఎలా నడిపానో చెప్పలేను. మెల్లగా పోతే దిగబడుతుంది కాబట్టి మెల్లగా పోలేదు. చక్రాలు ఎగరేసిన రేగడి తప తపా ఆయనకు తగలడం వినపడుతూనే ఉంది. ఒక్కసారి "ఏమే!" అన్నాడు. తరవాత అదీ లేదు. కారు మాత్రం చక్కగా మాట విన్నది. చక్రాలు నేలను పట్టుకుంటున్నాయి. దారిలో పిల్లలు పక్కకు తప్పుకుని, నోళ్ళు తెరిచి చూశారు.

బడి ముందు ఆగేసరికి ప్రార్థన గంట మోగుతోంది. వరండాలో ఇన్‌స్పెక్టరు గారు, పక్కన హెడ్మాస్టరు గారు. పిల్లలు వరసల్లో నిలబడి ఉన్నారు. నేను తడిసిన కొంగు పిండుకుని నమస్కారం పెట్టాను. ఇన్‌స్పెక్టరు గారు నన్ను చూడలేదు. నా వెనక, కళ్ళూ పళ్ళూ తప్ప అంతా నల్లగా ఉన్న మనిషి డిక్కీ మీంచి దిగడం చూస్తున్నారు.

"ఎవరమ్మా ఆయన? మీ డ్రైవరా?"

నేను చెప్పేలోపే మా ఆయనే ముందుకొచ్చాడు. మా వీధిలో ఎవరైనా 'రాళ్ళ కొట్టాయన' అంటేనే మొహం ముడుచుకునే మనిషి.

"డ్రైవరు ఆవిడేనండీ. నేను ఆవిడ భర్తని. బరువు కోసం ఎక్కా" అన్నాడు.

పిల్లలు ఒక్కసారిగా నవ్వారు. ఆయన చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు. నవ్వు ఆగేదాకా నిలబడి, తరవాత బోరింగు దగ్గరికి వెళ్ళాడు. రిజిస్టరులో సంతకం వంకరగా పడింది గానీ టైముకే పడింది.

ఆ రోజు భిన్నాలు చెప్పాను. సుద్దముక్క రెండుసార్లు జారిపోయింది. సాయంత్రం ఇన్‌స్పెక్టరు గారు పుస్తకంలో నాలుగు వాక్యాలు రాసి వెళ్ళారు. నాకు నష్టం చేసే మాట ఒక్కటీ లేదని హెడ్మాస్టరు గారు చెప్పారు. సంతోషం కలగాలి కదా. గోడకు ఆనుకుని కూర్చుని, ఇంకా ఏడు కిలోమీటర్లు వెనక్కి నడపాలే అనుకున్నాను.

మా ఆయన అన్నాళ్ళ కాపురంలో నా కోసం నలుగురిలో చిన్నబోయింది అదే మొదటిసారి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎత్తలేదు. తిరుగు దారిలో చెప్పకుండానే డిక్కీ ఎక్కాడు. మలుపు దాటాం. బాబాయి చేతులూపాడు. తారు రోడ్డు కనపడింది. అంచున ఆపి, ఇంజను ఆన్‌లోనే ఉంచి, దిగడానికి తలుపు తీశాను.

ఆయన డిక్కీ మీంచి దిగాడు. ఇటు రాలేదు. అటు నుంచి తిరిగి పక్క సీట్లో కూలబడి, కళ్ళు మూసుకున్నాడు.

"నువ్వే పోనియ్యే" అన్నాడు. "నాకు ఓపిక లేదు."

నాకూ లేదు. తలుపు వేసుకుని, తారు రోడ్డెక్కించాను.