పాపారావు సంతకం

యాస్మిన్ ఎడమకాలికి పోలియో. ఇనుప పట్టీల బూటు వేసుకుని, చంకకర్ర మీద నడిచేది. 2006లో ఏలూరులోని ఒక జిల్లా ఆఫీసులో వికలాంగుల కోటాలో జూనియర్ అసిస్టెంటుగా చేరింది. ఇల్లు నాలుగు వీధుల అవతలే.

ఏడాది తిరక్కుండానే కొత్త అధికారి ఈశ్వరప్రసాద్ వచ్చారు. "ఫైలు తెమ్మంటే పది నిమిషాలా? ఇలాంటివాళ్లతో నేను ఆఫీసు నడపలేను" అని అందరి ముందూ అనేసి, ఆ వారమే ఆమెను తాడేపల్లిగూడెం బ్రాంచికి వేసేశారు. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. ఉద్యోగం పోతుందేమోనని యాస్మిన్ నోరెత్తలేదు.

రోజూ పాసింజరు. గూడెంలో బండి ఆగేది కాసేపే. ముందు స్టేషను బాదంపూడి దాటగానే ఆమెకు గుండెదడ మొదలయ్యేది. తాను దిగేలోగా బండి కదిలిపోతే? ఒకరోజు కదిలింది కూడా. కర్ర జారి కిందపడింది. ఆమె తలుపు కడ్డీ పట్టుకుని వేలాడింది. కిరాయి కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ ఆటో డ్రైవరు పాపారావు పరుగెత్తుకొచ్చి దింపేశాడు. అప్పట్నుంచి స్టేషనుకీ ఆఫీసుకీ మధ్య అతని ఆటోలోనే తిరిగింది.

బండి కదిలిన ఆ రోజు సాయంత్రం తివాచీలు నేసే తండ్రి హిదాయతుల్లా ఆమె మోచేతి దెబ్బకి మందు రాస్తూ, "అర్జీ పెట్టమ్మా" అన్నాడు.

"పెడితే తీసేస్తారు నాన్నా."

"ఇలాగే తిరిగితే నువ్వే మిగలవు."

వికలాంగుల కమిషనర్‌కి అర్జీ పంపింది. వారానికే ఈశ్వరప్రసాద్ ఫోను. "చూడమ్మా, నీ ప్రొబేషన్ నా చేతిలో ఉంది. వెనక్కి తీసుకో." యాస్మిన్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. అయినా అర్జీ వెనక్కి తీసుకోలేదు.

ఎనిమిది నెలలకి కమిషనర్ తీర్పొచ్చింది. జరిగింది వివక్షే, ఆమెను ఏలూరుకి తేవాలి, ఇన్నాళ్ల ప్రయాణ ఖర్చులూ ఇవ్వాలి. ఆమెను ఏలూరుకి తెచ్చారు. కానీ ఖర్చులకి ఆఫీసువాళ్లు రుజువులడిగారు. రైలు పాసులున్నాయి. ఆటోకి రసీదులెక్కడివి?

గూడెం వెళ్లి పాపారావునడిగింది. "మీరు తీసుకెళ్లారని రాసి సంతకం పెడితే చాలండీ."

అతను వెనక్కి తగ్గాడు. "ప్రభుత్వం కాయితాల్లో నా పేరెందుకండీ? నా బండికి పర్మిట్ సరిగా లేదు. మీ ఆఫీసరు బ్రేకు ఇన్‌స్పెక్టరుతో ఒక్క మాటంటే చాలు, నా పిల్లలు పస్తే."

ఆ భయం ఆమెకు తెలియనిది కాదు. "వద్దులెండి" అని బలవంతపెట్టకుండా వచ్చేసింది.

మూడోరోజు ఏలూరులో యాస్మిన్ వాళ్ల గుమ్మంలో పాపారావు. చేతిలో మడత పెట్టిన కాయితం.

"మా ఆవిడ రాసిందండీ. సంతకం నాదే. ఇప్పటికీ భయంగానే ఉంది."

"నాక్కూడానండీ" అంది యాస్మిన్.

బిల్లు మీద ఈశ్వరప్రసాదే సంతకం పెట్టాలి. ఆయన తలెత్తకుండా పెట్టి తోసేశారు. డబ్బొచ్చింది. పాపారావు ఆటో జోలికి ఎవరూ రాలేదు. ఆమె ప్రొబేషన్ మాత్రం ఈశ్వరప్రసాద్ బదిలీ అయ్యాకే పూర్తయింది. అంతవరకూ ప్యూను వచ్చి "సారు రమ్మంటున్నారండీ" అన్నప్పుడల్లా ఆమె అరచేతులు చల్లబడేవి.