కాక వైఫైలో వచ్చిన రోజు

ఇంటికొక వైఫై డబ్బా ఉండటం మా గోదావరిఖనిలో ఇప్పుడు ఇంటికొక చీపురు ఉన్నంత మామూలు సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అలా కాదు. కంపెనీ క్వార్టర్లలో మా వరస మొత్తానికీ అది మా ఇంట్లోనే ఉండేది. దాని పచ్చ దీపాలు చూడటానికి మొదటి షిఫ్టు దిగిన మనుషులు మొహమైనా కడుక్కోకుండా నేరుగా మా ఇంటికి వచ్చేవారు (వచ్చింది ఒక్కరే. ఆయన మా బాపు. అది ఆయన ఇల్లే). మంచిర్యాలలో ఒక కంప్యూటర్ షాపులో నాకు పని. పొద్దున బస్సెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు. కాలనీలో మాత్రం నేను షాపు మనిషిని కాను, ఇంజనీరును. ఎవరి సెల్లు నీళ్ళలో పడ్డా, ఎవరి రిమోటు పలకకపోయినా నాకే కబురు వచ్చేది. ఒకసారి ఒకరింట్లో మిక్సీ తిరగడం లేదని పిలిచారు. నేను విప్పి బిగించాక అది ఇక జన్మలో తిరగలేదు. అయినా నా పరువుకేమీ కాలేదు. ఇంత చదివినవాడితో కానిది ఇంకెవరితో అవుతుందని వాళ్ళు కొత్త మిక్సీ కొనుక్కున్నారు. ఆ మర్యాద నన్ను ఎంత పాడుచేసిందో అప్పుడు నాకు తెలియదు.

మా గోడకు ఆనుకుని చిన్నమ్మ వాళ్ళ ఇల్లు. రక్తసంబంధం ఏమీ లేదు. ఆమె భర్త, అంటే మా కాక, మా బాపుతో ఒకే గనిలో ఒకే షిఫ్టులో పనిచేసేవాడు, అంతే. మా వైపు ఆపాటి చాలు, చిన్నమ్మ, కాక అయిపోతారు. వాళ్ళ బిడ్డకు ఇంకా నడక రాకముందే, భూగర్భంలో పైకప్పు కూలి కాక పోయాడు. ఆయన ఉద్యోగం బదులు కంపెనీ చిన్నమ్మకు దవాఖానలో ఆయా పని ఇచ్చింది. వాళ్ళింట్లో కాకది ఒకటే ఫోటో. డ్యూటీ కార్డు మీది ఫోటోను పెద్దది చేయించారు. అందులో ఆయన ఊపిరి తీస్తే ఉద్యోగం పోతుందన్నట్టు ఉంటాడు. నేను చెబుతున్న రోజుల్లో ఆ పిల్ల బడికి వెళుతోంది. ఒకనాడు ఆ ఫోటో ముందు నిలబడి, "మా బాపు నవ్వుతుండెనా?" అని అడిగిందట. అప్పుడు గుర్తొచ్చింది చిన్నమ్మకు, మా అక్క పెళ్ళి వీడియో. పంక్తిలో వడ్డించింది కాకే.

ఆ వీడియో నా దగ్గర ఉంది. క్యాసెట్టుకు బూజు పట్టక ముందే దాన్ని ఫైలుగా మార్చి మా ఇంటి పాత కంప్యూటర్లో పెట్టాను (ఇంత ముందుచూపు నా జీవితంలో మళ్ళీ కనబడలేదు). చిక్కల్లా ఆ కంప్యూటరే. బొగ్గుదుమ్ము తిని తిని దాని పెన్‌డ్రైవ్ రంధ్రాలన్నీ చచ్చిపోయాయి. వీడియో పెడితే బొమ్మ గళ్ళు గళ్ళుగా పగిలి మిషనే ఆగిపోయేది. లోపల డిస్కు వారం రోజులుగా పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు చేస్తోంది. విప్పావంటే మళ్ళీ తిరగదు, తిరుగుతుండగానే ఉన్నది తీసుకో అని మా షాపు యజమాని చెప్పాడు. నా ల్యాప్‌టాప్‌లో వైరు గుచ్చే చోట పిన్ను విరిగి ఉంది. కాబట్టి మిగిలింది ఒకే దారి. ఆ ఫైలు పాత కంప్యూటర్ నుంచి వైరు గుండా వైఫై డబ్బాకు, డబ్బాలోంచి గాలిలో నా ల్యాప్‌టాప్‌కు, అందులోంచి పెన్‌డ్రైవ్‌కు రావాలి. సరిగ్గా అప్పుడే చిన్నమ్మకు కాసిపేట బదిలీ అయింది. సామాను ఎక్కించుకోవడానికి సాయంత్రం డీసీఎం వ్యాను వస్తుందనగా నేను షాపుకు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను.

పొద్దున్నే చిన్నమ్మ బిడ్డను తీసుకుని వచ్చింది. ముందు గదిలో గోడవారన ఉన్న మా ఇనుప సందుగ మీద, పైన కప్పిన కంబళి సర్దుకుని కూర్చుంది. ఆమె మా ఇంటికి ఎప్పుడొచ్చినా ఆ సందుగే కుర్చీ. ఎంతసేపు పడుతుంది బిడ్డా అని అడిగితే, మీరు చాయ్ తాగేలోపు అన్నాను. వాళ్ళు చాయ్ తాగారు. ల్యాప్‌టాప్‌లో ఇంకా పదహారు గంటలు అని పడింది. రెండో చాయ్ అయ్యాక రెండు రోజులు అని పడింది. తర్వాత అది గంటలు, రోజులు దాటి నెలల్లోకి పోయింది. ఇంకాసేపు చూస్తే ఆ పిల్ల పెళ్ళినాటికి అని పడుతుందేమో అనిపించింది. నెల రోజులుగా ఇంట్లో వైఫై కాస్త నీరసంగా ఉందని నాకు తెలుసు. ఆ తప్పు కనెక్షన్ ఇచ్చినవాళ్ళదని తీర్పు చెప్పి వదిలేశాను. కానీ ఇది బయటినుంచి వచ్చేది కాదు. ఈ గదిలోంచి ఈ గదిలోకే రావాలి. నేను గొంతు సవరించుకుని, టెన్షన్ ఏమీ లేదు చిన్నమ్మా, చిన్న ట్రబుల్‌షూటింగ్ అన్నాను. ఆ మాట విని ఆమె మొహం ఇంకా వాడిపోయింది. దవాఖానలో డాక్టర్లు కూడా చిన్న ఆపరేషన్ అని ఇలాగే అంటారట.

ఇక నేను చేసిన చికిత్సలు చెబితే గ్రంథం అవుతుంది. ల్యాప్‌టాప్‌ను ఆపి మళ్ళీ వేశాను. వైరస్ వెతికాను. సిగ్నల్‌కు దారి మార్చాను, అది కుదరక పాత దారే గొప్పదని మళ్ళీ అక్కడికే వచ్చాను. వంటింట్లో కుక్కర్ కట్టేయించాను. వెనక వరసలో వెల్డింగ్ పెట్టిన మనిషిని బతిమాలి పని ఆపించాను. ఫ్యాన్ తిప్పితే సిగ్నల్ చెదురుతుందని ఫ్యాన్ ఆపాను. ఎండాకాలం, మా క్వార్టర్ పైకప్పు రేకులది. అందరం మౌనంగా ఉడికాం. ఒక్క పని మాత్రం చేయలేదు. పై అరలో, బొగ్గుదుమ్ము పడకుండా మా అవ్వ (అవ్వ అంటే మా వైపు అమ్మే) కట్టిన పూల తెర వెనక ఆ డబ్బాను నా చేతులతో నేనే పెట్టాను కాబట్టి, ఆ తెర ఎత్తి చూడలేదు. ల్యాప్‌టాప్ ముందు కూర్చునే ఆ డబ్బాను ఆపి మళ్ళీ వెయ్యగలిగే విద్య నాకుంది. అంత విద్య ఉన్నవాడు స్టూలు ఎక్కుతాడా?

మా బాపు రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్నవాడు లేచి ఇదంతా చూశాడు. ఆయన గనిలో గాలి పని చూసే మనిషి. భూమి లోపల గాలి తనంతట తాను పోదు, తలుపులు పెట్టి, మందపాటి గుడ్డ పరదాలు కట్టి, మనుషులున్న చోటికి దాన్ని తోలుకుపోవాలి. ఆ లెక్కన ఆయన కాసేపు నా ల్యాప్‌టాప్ వైపు, కాసేపు దర్వాజ వైపు చూసి, "అది వచ్చుడే చూస్తున్నవ్, పోయేదానికి తొవ్వేది?" అన్నాడు. పోయే దారి కోసం వెనక తలుపు తెరిచాడు. వంటింటి దారికి అడ్డంగా దుప్పటి కట్టి, సిగ్నల్ అటు పోకుండా నా మీదికి మళ్ళించాడు. అది గాలి కాదు బాపూ అని చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. చెప్పకపోగా దుప్పటి ఇంకో చివర నేనే పట్టుకున్నాను. నా శాస్త్రం అప్పటికి అంతదూరం వచ్చింది.

చివరికి ల్యాప్‌టాప్‌ను పైకెత్తితే అందుకుంటుందేమోనని కుర్చీ ఎక్కి, దాన్ని నెత్తి మీద గంపలా పట్టుకుని నిలబడ్డాను. అదే సమయంలో మా అవ్వ, పోయే మనిషికి ఇన్నాళ్ళూ స్టీలు గ్లాసుల్లోనే పోశానని నొచ్చుకుని, సందుగలో దాచిన గాజు కప్పులు తీస్తానంటే చిన్నమ్మ లేచి పక్కన నిలబడింది. సందుగ మూత కిర్రుమంది. నెత్తి మీది ల్యాప్‌టాప్ కిందికి దించి చూస్తే ఏముంది, ఫైలు ఎంత వచ్చిందో చూపే, చీమలా పాకే పచ్చగీత గోదావరికి వరద వచ్చినట్టు ఉరుకుతోంది. ఎవరూ కదలకండి, సిగ్నల్ ఉండేది ఈ కుర్చీ మీదే అని ప్రకటించాను. అవ్వ కప్పులు తీసుకుని మూత వేసింది. చిన్నమ్మ మళ్ళీ కూర్చుంది. గీత మళ్ళీ చీమ అయింది. అయినా నేను కుర్చీ దిగలేదు. నా నమ్మకం చూసి బాపు కిందినుంచి నా కాళ్ళు పట్టుకున్నాడు.

అంతలో ఓపెన్‌కాస్టు గని సైరన్ కూసింది. కొత్తవాళ్ళకు చెప్పాలి. మధ్యాహ్నం పూట గనిలో బ్లాస్టింగ్ పెడతారు. సైరన్ వినగానే కాలనీలో ఆడవాళ్ళు అరల మీది గాజు సామాను దించి కింద పెట్టుకుంటారు. భూమి అదిరితే అన్నీ పగులుతాయి కదా. మా అవ్వ గబగబా చిన్నమ్మను లేపి, కప్పులు సందుగలో పెట్టడానికి మూత ఎత్తింది. నా చేతిలో గీత ఉరికింది. నేను కుర్చీ మీది నుంచి కిందికి చూశాను. సందుగలో, పాత బొంతల మధ్య, దేవుడి పటాలకూ గాజు కప్పులకూ నడుమ, చీకట్లో పచ్చ దీపాలు మిణుకు మిణుకుమంటున్నాయి. వైర్లు సందుగ వెనక తుప్పు పట్టిన చిల్లులోంచి దూరి, కంబళి చాటున గోడ వెంట పోతున్నాయి. చిన్నమ్మ పొద్దటినుంచి దేని కోసం ఎదురుచూస్తోందో దాని మీదే కూర్చుంది.

"అవ్వా, అది దాంట్ల ఎందుకున్నది?"

"బ్లాస్టింగ్‌కు పై నుంచి పడితే పగుల్తదని పెట్టిన. రోజు తీసుడు, పెట్టుడు నాతోని అయితలేదు. నెల రోజులాయె, గండ్లనే ఉంటున్నది."

"మరి నాకు చెప్పవా?"

"నువ్వు అడిగినవా? కూసున్నకాడికెల్లే అంత ఎర్కయితదంటివి."

నేను కుర్చీ దిగాను. దిగేటప్పుడు అది మామూలు కంటే చాలా ఎత్తుగా అనిపించింది. కానీ సిగ్గుపడటానికి తీరిక లేదు. సైరన్ అంటే భూమి అదరబోతోందని అర్థం. అదిరితే ఆ డిస్కు ఆగిపోవచ్చు. గీత ఇంకా సగం దాటలేదు. నేనేమీ అనకముందే మా బాపు కంప్యూటర్ డబ్బాను, నడుస్తున్నదాన్ని నడుస్తున్నట్టే, వైర్లు కదలకుండా ఎత్తి ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చున్నాడు. పసిపిల్లను పట్టుకున్నట్టు ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి వెనక. అవ్వ కప్పులు కొంగులో కట్టుకుంది. చిన్నమ్మ రెండు చేతులా సందుగ మూతను ఎత్తి పట్టుకుంది. "మూత పడనియ్యకు చిన్నమ్మా" అన్నాను. "పడనియ్య" అంది. బ్లాస్టింగ్ అయింది. కాళ్ళ కింద నేల ఒకసారి కదిలింది, రేకుల మీంచి దుమ్ము రాలింది, వంటింట్లో గిన్నెలు మోగాయి. బాపు కళ్ళు మూసుకుని డబ్బాకు చెవి ఆనించాడు. "తిరుగుతున్నది" అన్నాడు మెల్లగా. అది మేం వినాలని కాదు, దానికే ధైర్యం చెబుతున్నట్టు అన్నాడు.

ఫైలు వచ్చేసింది. మా అక్క తలంబ్రాలు, మా బావ మొదటి చెమట, మేళగాళ్ళ కొట్లాట, అన్నీ దాటించి పంక్తి దగ్గర ఆపాను. ఫ్యాన్ వెయ్యడం కూడా అందరం మరిచిపోయాం. కాక వచ్చాడు. మోకాళ్ళ పైకి మడిచిన లుంగీ, భుజం మీద తువ్వాల, చేతిలో పప్పు బకెట్. కెమెరా తన మీదికి రావడం చూసి గరిటె ఊపుతూ, "నన్నేం దీస్తున్నవయ్యా, పెండ్లిపిల్లను దియ్యి" అన్నాడు. అని నవ్వాడు. నోరంతా తెరిచి, మెడ వెనక్కి వాల్చి, బకెట్ ఊగేలా నవ్వాడు. పిల్ల తల్లి వైపు తిరగలేదు. తెర మీంచి కన్ను తియ్యకుండానే, "నాలెక్కనే నవ్వుతున్నడు" అంది. చిన్నమ్మ తలూపింది. ఏడుస్తుందని మా అవ్వ కొంగు సిద్ధం చేసుకుంది గానీ ఆమె ఏడవలేదు. వెనక్కి పెట్టమని, మళ్ళీ వెనక్కి పెట్టమని నన్ను సతాయించి, చివరికి ఆ తువ్వాల తనదేననీ, కొత్తదనీ, పప్పు మరకలు చేసుకొచ్చినందుకు ఆ రోజు ఇంటికి రాగానే బాగా తిట్టాననీ చెప్పింది. సాయంత్రం పెన్‌డ్రైవ్‌ను కొంగు చివర ముడివేసుకుని, డీసీఎం ముందు సీట్లో బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కాసిపేట వెళ్ళిపోయింది. మరునాడో ఆ మర్నాడో మా పాత కంప్యూటర్ పూర్తిగా మూగబోయింది.

మొన్న ఆ పిల్ల (పిల్ల అనకూడదు, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది) ఆ ముక్క ఒక్కటే కత్తిరించి నా ఫోనుకు పంపింది. రెప్ప వేసేలోగా వచ్చింది. ఆ రోజు నలుగురి చేతుల మీద, నేల అదురుతుండగా వచ్చిన కాక ఇప్పుడు అంత సులువుగా వస్తే ఎందుకో మనసు ఒప్పుకోలేదు. తీరిగ్గా ఒక్కణ్ణే కూర్చుని చూశాను. అప్పుడంతా కాకనే చూశాం కదా, పంక్తిలో ఎవరున్నారో ఎవరూ చూడలేదు. గరిటె ఊపి, నవ్వి, ఆయన వంగి వడ్డించే ఆకు ముందు ఒక బక్కపలచని కుర్రాడు కూర్చున్నాడు. నెత్తిన ఒత్తుగా జుట్టు, చాలు చాలంటూ ఆకు మీద అడ్డం పెట్టిన రెండు చేతులు. కాక ఆ చేతులు తప్పించి పప్పు వేసి, "తిను బిడ్డా, బక్కగున్నవ్" అంటాడు. ఆ కుర్రాడు నేనే. పప్పు ఎక్కువైందని మొహం ముడుచుకుని, వేసింది ఎవరో చూడనైనా చూడకుండా కిందికి చూస్తూ కలుపుకుంటున్నాను. ఫోను దగ్గరగా పెట్టుకుని, నవ్వొస్తుండగా వాడితో అన్నాను, ఒక్కసారి తలెత్తరా, కాక ముందుకు పోతున్నడు అని. వాడు వినలేదు. పంక్తిలో కాక పక్క ఆకుకు జరిగిపోయాడు.