మల్లేశమన్న ఇంటికి ఫోనొచ్చింది

మా పాప టెన్త్ పాసైందని చెబుదామని ఈ సాయంత్రం లడ్డూలు పట్టుకుని పక్కింటి మల్లేశమన్న దగ్గరికి వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా తలుపు తట్టకుండా వెళ్ళే ఇల్లు. ఆయన కొత్తగా వచ్చిన ఫోన్లో బట్టల బేరం మాట్లాడుతూ, ఆగమని చెయ్యి చూపించాడు. అరగంట నిలబడ్డాను. రిసీవర్ పెట్టేసి విసుక్కున్నాడు.

“జర ఫోన్ చేసి రావద్దా తమ్మీ?”

నాకు ఒళ్ళు మండింది. “ఏడికెళ్లి చెయ్యాలె అన్నా? మన గల్లీ మొత్తానికి ఉన్నది నీ ఒక్క ఫోనే గద!”

“అయితేంది? వచ్చి ఈడికెళ్లే చేస్కో. నేనేమన్న వద్దంటనా?”

లడ్డూలు వెనక్కి తెచ్చేశాను. రేపు వాళ్ళింటికెళ్ళి, వాళ్ళ ఫోన్‌తోనే వాళ్ళకు ఫోన్ చేసి, రావచ్చా అని అడగమంటారా? మీరే చెప్పండి. పాప పాసైన సంగతి ఆయనకింకా తెలియదు.